పుస్తకానికి నంబరు వేసేది ఎవరు?

హోస్ట్: నమస్తే మేడమ్. నేరుగా విషయానికి వస్తాను. లైబ్రరీ ఉద్యోగాల్లో వైవిధ్యం ఉండాలంటే, కౌంటర్‌లో అన్ని వర్గాల వాళ్లూ కనబడాలనేనా?

అతిథి: కనబడితే సంతోషమే. కానీ నా కన్ను ఎప్పుడూ వెనక గదిలో పుస్తకాల వివరాలు నమోదు చేసే కేటలాగింగ్ టేబుల్ మీదే ఉంటుంది. ఏ పుస్తకం ఏ అరలోకి పోవాలో తేలేది అక్కడే కదా.

హోస్ట్: దానికి నంబర్ల పద్ధతి ఉంది కదండీ. మనిషి చేసేదేముంది?

అతిథి: ఆ పద్ధతిని రాసింది కూడా మనిషేనండీ! మెల్విల్ డ్యూయీ అనే అమెరికన్ లైబ్రేరియన్ రాసిన పద్ధతిలో 200 అంటే మతం. 220లో బైబిల్, 230 నుంచి 280 దాకా మొత్తం క్రైస్తవమే. మిగతా ప్రపంచంలోని మతాలన్నీ 290లో సర్దుకోవాలి.

హోస్ట్: అబ్బో, జనరల్ బోగీలాగా.

అతిథి: (నవ్వు) అచ్చం అలాగే. కావాలని చేశారని అనను. రాసినవాళ్లకు తెలిసిన లోకానికి ఏడు గదులు వచ్చాయి, తెలియనిదంతా ఒక గదిలో పడింది. డొరొతీ పోర్టర్ అనే నల్లజాతి లైబ్రేరియన్ సంగతి చెప్పాలి. అమెరికాలో హోవర్డ్ యూనివర్సిటీ లైబ్రరీలో నల్లజాతివాళ్ల పుస్తకాల సేకరణ బాధ్యత 1930లో తీసుకున్నారు. అప్పట్లో చాలా లైబ్రరీలు నల్లజాతివాళ్ల పుస్తకాలను 325లోనో 326లోనో పెట్టేసేవి. ఒకటి వలసలకు, ఒకటి బానిసత్వానికి.

హోస్ట్: కవిత్వమైనా?

అతిథి: కవిత్వమైనా! పేరున్న కవి పుస్తకం తీసుకెళ్లి వలసల్లో పెట్టారు. ఆవిడ ఒప్పుకోలేదు. కవిత్వాన్ని కవిత్వంలో, చరిత్రను చరిత్రలో పెట్టుకుంటూ వచ్చారు. ఆ కుర్చీలో ఆవిడ కాక ఇంకొకరుంటే ఆ తప్పు కంటికి కూడా ఆనేది కాదేమో.

హోస్ట్: మరి ఆ కుర్చీ దాకా రావాలంటే ముందు చదువు కావాలి.

అతిథి: అసలు చిక్కంతా అక్కడే. ఈ చదువు చరిత్రే చిత్రమైంది. 1887లో కొలంబియాలో మొదటి లైబ్రరీ స్కూల్ పెట్టింది ఆ డ్యూయీయే. పైవాళ్లు వద్దంటున్నా ఆడవాళ్లను చేర్చుకున్నాడు. అదే మనిషి నడిపిన క్లబ్‌లోకి యూదులను, నల్లజాతివాళ్లను రానిచ్చేవారు కాదు. 2019లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తన పతకానికి ఆయన పేరు తీసేసింది. ఒక తలుపు తీసినవాడే ఇంకో తలుపు మూశాడన్నమాట.

హోస్ట్: ఇప్పుడు తలుపులు తెరిచే ఉన్నాయి కదా?

అతిథి: తెరిచే ఉన్నాయి, లోపలికి వెళ్లడానికి ఖర్చవుతుంది. కోర్సు ఫీజు ఒక ఎత్తు, జీతం లేని ఇంటర్న్‌షిప్ ఒక ఎత్తు. ఆ కొన్ని నెలలూ ఇంట్లోవాళ్లు పోషించగలిగినవాళ్లే నిలబడతారు. స్కాలర్‌షిప్ ఇచ్చి ఇంటర్న్‌షిప్‌కు జీతం ఇవ్వకపోతే సగం సాయం చేసినట్టే. పోనీ ఉద్యోగం వచ్చిందనుకోండి, "మీ వాళ్ల గురించి మీరే చెప్పండి" అని ప్రతి కమిటీలోనూ ఆ ఒక్క మనిషినే కూర్చోబెడతారు. అసలు పని మిగిలిపోతుంది. ప్రమోషన్ రాదు.

హోస్ట్: మీ క్లాసులో ఇవన్నీ ఎలా చెబుతారు?

అతిథి: చెప్పను, పుస్తకం చేతికిస్తాను. ఈమధ్య ఒక సంచార తెగ ఆడవాళ్లు పురుడు పోసేటప్పుడు పాడే పాటల సంకలనం ఇచ్చి, దీనికి విషయ శీర్షిక, అంటే ఇది దేని గురించో చెప్పే మాట, రాయమన్నాను. ఒకరు "ఆచారాలు" అన్నారు. ఒకబ్బాయి "మూఢనమ్మకాలు" అని రాశాడు. వెనక బెంచీలో ఒకమ్మాయి చాలాసేపు పెన్ను కదపలేదు. ఏమ్మా అంటే, "మేడమ్, ఈ పాటల్లో నొప్పి ఎప్పుడు పట్టాలో, ఊపిరి ఎప్పుడు వదలాలో ఉంది. మా అమ్మమ్మ పాడేది. ఇది వైద్యం కదా?" అంది.

హోస్ట్: ఆ అబ్బాయి ఏమన్నాడు?

అతిథి: మొదట వాదించాడు. తర్వాత ఆ పాట ఒకసారి పాడమని అడిగాడు. ఇంకొకరు లేచి, పాటంటే సాహిత్యంలో పెట్టాలి కదా అన్నారు. ఇక చూడండి, క్లాసంతా గోల!

హోస్ట్: చివరికి ఏ నంబరు వేశారు?

అతిథి: బెల్లు కొట్టేశారండీ. పుస్తకం ఇంకా నా టేబుల్ మీదే ఉంది.