ఫోను పెట్టేయనివ్వని గొంతు

[దృశ్యం: మధ్యాహ్నం. వంటగదిలో కుక్కరు రెండో కూత వేసింది. బల్ల మీద ఫోను మోగుతోంది.]

వ్యాఖ్యాత: రిటైరైన టీచరమ్మ ఫోను ఎత్తారు. అవతలి గొంతులో ఎంత మర్యాదో! "అమ్మా, కొరియర్ ఆఫీసు నుంచి. మీ ఆధార్ మీద విదేశానికి వెళ్తున్న పార్సిల్‌లో మత్తుమందు దొరికింది. పోలీసులకు కలుపుతున్నాను, లైన్లో ఉండండి."

[తెరపై: వీడియో కాల్. ఖాకీ చొక్కా. వెనక గోడకు పోలీసు చిహ్నం.]

వ్యాఖ్యాత: మర్యాద అక్కడితో సరి. ఆమె ఆధార్ అంకెలు అతనే చదివి వినిపిస్తాడు. ఎక్కడో బయటికి పొక్కిన వివరాలే అవి, కానీ విన్నవారికి గుండె జారిపోతుంది. "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం. తలుపు గడియ పెట్టండి. ఇంట్లోవాళ్లకు చెబితే వాళ్ల మీదా కేసు!"

[దృశ్యం ఆగిపోతుంది.]

వ్యాఖ్యాత: గమనించారా? డబ్బు ఊసు ఇంకా రాలేదు. ముందు అడిగింది గడియ పెట్టమని. పక్కింటావిడ వచ్చి "ఎవరండీ ఫోన్లో?" అంటే చాలు, ఈ నాటకానికి తెర పడిపోతుంది. అందుకే గంటల తరబడి కాల్ కట్ చేయనివ్వరు. ఆ తర్వాతే అసలు సంగతి: "మీ డబ్బంతా ఆర్‌బీఐ పరిశీలన ఖాతాకు పంపండి, తిరిగి వస్తుంది." ఆర్‌బీఐకి అలాంటి ఖాతా ఏదీ లేదు. మన చట్టంలో డిజిటల్ అరెస్టూ లేదు. 2024 అక్టోబరు 27న ప్రధాని మోదీ మన్ కీ బాత్‌లో చెప్పిందీ ఇదే.

"చదువుకున్నవాళ్లు ఎలా నమ్ముతారో!" అంటుంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఏనాడూ పోలీసు స్టేషను గడప తొక్కనివారికే ఈ భయం ఎక్కువ.

అనుమానం వస్తే కాల్ కట్ చేయండి. స్టేషను నంబరు మీరే వెతికి అడగండి, వాళ్లిచ్చిన నంబరుకు మాత్రం వద్దు. "నెట్‌వర్క్ సమస్య, స్టార్ 401 స్టార్ కొట్టి ఈ నంబరు కలపండి" అన్నా వినకండి. అలా చేస్తే మీకు రావాల్సిన కాల్స్ వాళ్లకు మళ్లిపోవచ్చు. ఫోన్లో చెప్పే ఓటీపీ కూడా అటే పోతుంది.

[తెరపై: 1930]

వ్యాఖ్యాత: డబ్బు పంపేశారా? రేపు చూద్దాం అనుకోవద్దు, పరువు పోతుందని దాచొద్దు. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. ఆ సొమ్ము ఖాతా నుంచి ఖాతాకు పరుగెడుతుంటుంది. ఎవరో ఒకరు విత్‌డ్రా చేసేలోపు బ్యాంకు ఆపగలిగితే కొంతైనా దక్కవచ్చు. లావాదేవీ నంబరు, పంపిన సమయం దగ్గర ఉంచుకోండి.

[దృశ్యం: మళ్లీ ఆ వంటగది. కుక్కరు మూడో కూత.]

గొంతు: కదలకండి! కెమెరా ముందే ఉండండి!

టీచరమ్మ: పప్పు మాడిపోతుంది నాయనా.

[ఫోను పెట్టేశారు. వెంటనే మళ్లీ మోగింది. ఆమె ముందు స్టవ్ కట్టేశారు, తర్వాత కూతురికి ఫోను కలిపారు.]