వంటకు గ్యాసా, కరెంటా? మరి స్నానానికి?

శ్రోతలందరికీ నమస్కారం. గ్యాస్ మీద వండితే చవకా, కరెంటు మీదనా అని అడిగితే ఒక్క మాటలో చెప్పలేను గానీ, లెక్క చెప్తాను, మీ బిల్లు ముందు పెట్టుకుని మీరే తేల్చుకోండి.

14.2 కిలోల సిలిండరుతో అయ్యే వంటంతా ఇండక్షన్ స్టవ్ మీద చేస్తే సుమారు 145 యూనిట్లు అవుతుంది. గ్యాస్ మంట వేడిలో దాదాపు మూడో వంతు గిన్నె పక్కల నుంచి గాలిలో కలిసిపోతుంది, ఇండక్షన్‌లో నేరుగా గిన్నె అడుగే వేడెక్కుతుంది కాబట్టి వృథా తక్కువ. సిలిండరు ధరను 145తో భాగించండి. 900 రూపాయలనుకుంటే ఆరు రూపాయల ఇరవై పైసలు. మీ యూనిట్ ధర అంతకన్నా తక్కువుంటే ఇండక్షనే లాభం. కాకపోతే బిల్లులో చివరి స్లాబు, అంటే వాడకం పెరిగేకొద్దీ పెరిగే ధరల్లో చివరి మెట్టు ధర చూడాలి, కొత్తగా పెరిగే యూనిట్లు అక్కడ గానీ దాని పై మెట్టులో గానీ పడతాయి. తెలంగాణలో నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకంలో జీరో బిల్లు వచ్చేవాళ్లు మరీ జాగ్రత్త. ఇప్పుడు 180 యూనిట్లు కాలుతుంటే, ఇండక్షన్‌తో ఇంకో 30 పెరిగాయంటే 200 దాటిపోయి ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే.

గిన్నెల సంగతి కూడా ఉంది. అడుగుకు అయస్కాంతం అంటుకోకపోతే ఆ గిన్నె ఇండక్షన్ మీద పనికిరాదు, మామూలు ఇత్తడి, అల్యూమినియం గిన్నెలు పక్కన పెట్టాల్సిందే. వంకాయ కాల్చి పచ్చడి చేయాలన్నా మంటే కావాలి. మా ఇంట్లో పాలు, టీ, కుక్కరు ఇండక్షన్ మీద, మిగతావి గ్యాస్ మీద. స్టవ్‌ను 16 ఆంప్స్ సాకెట్‌కే పెట్టండి, చిన్న సాకెట్ వేడెక్కి కాలిపోతుంది.

నాకు అసలు భయం బాత్రూములో గ్యాస్ గీజరంటేనే. నాలుగేళ్ల కిందట డిసెంబరులో, అద్దె ఇంట్లో ఉన్నప్పుడు, చలిగా ఉందని కిటికీ మూసేసి మా అక్క స్నానానికి వెళ్లింది. కాసేపటికి తల తిరుగుతోందంటూ గోడ పట్టుకుని బయటికొచ్చి, గుమ్మంలోనే కూలబడింది. ఆ ఇరుకు గదిలో మంట వెలుగుతుంటే ఆక్సిజన్ తగ్గిపోయి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. సిలిండరు గ్యాస్ లీకైతే వాసన తెలిసిపోతుంది, తెలియడానికే అందులో వాసన కలుపుతారు. ఈ కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనా లేదు, రంగూ లేదు. మనిషికి నిద్ర ముంచుకొచ్చినట్టు ఉంటుంది, లోపల గడియ వేసి ఉంటుంది, బయటివాళ్లు ఇంకా స్నానం కాలేదేమో అనుకుంటారు. దయచేసి ఆ గీజరు లోపల ఉంచకండి. కరెంటు గీజరుతో ఒక బకెట్ వేడినీళ్లకు అయ్యేది అర యూనిట్. కాకపోతే దానికి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి.

అద్దె ఇల్లు కదా, మనమేం చేస్తాం అని ఊరుకోవద్దు. మేం ఓనరు గారికి జరిగింది చెప్తే మర్నాడే మనిషిని పంపించి, గీజరును వెనక బాల్కనీ గోడకు బిగించారు. ఆ తర్వాత బాత్రూములోకి వేడినీళ్ల పైపొక్కటే వచ్చేది.