కంప్యూటర్ వచ్చాక ఏం జరుగుతుంది? సమాచార వ్యవస్థల పరిశోధన ఎటు వెళ్లాలి

(దృశ్యం: కార్యాలయం. ప్రతి బల్ల మీదా కంప్యూటర్.)

ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థ ఉద్యోగులందరికీ లోటస్ నోట్స్ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. ఒకరి అనుభవం అందరికీ అందాలని ఆశ. వాండా ఓర్లికోవ్‌స్కీ అనే పరిశోధకురాలు అక్కడ ఏం జరిగిందో పరిశీలించి 1992లో ప్రచురించారు. కన్సల్టెంట్లు పెద్దగా ఏమీ పంచుకోలేదు. అక్కడ క్లయింటు ఖాతాలో రాయగలిగిన గంటలకే విలువ. మరి సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న గంటలు ఎవరి ఖాతాలో రాయాలి? పైగా పదోన్నతికి తోటివారితోనే పోటీ. తెలిసిన విషయాలే బలం అయిన చోట వాటిని ఎవరు ధారపోస్తారు?

సాంకేతికత మనుషుల పనిలోకి వచ్చాక జరిగే ఇలాంటి సంగతులను తేల్చడమే సమాచార వ్యవస్థల పరిశోధన పని.

(దృశ్యం: ప్రశ్నావళి కాగితాలు.)

1989లో ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు మరో ప్రశ్న వేశారు: జనం ఒక వ్యవస్థను ఎందుకు వాడతారు? తేలిగ్గా ఉందన్న భావన కంటే, ఉపయోగపడుతుందన్న నమ్మకమే ఎక్కువ పనిచేస్తుందని ఆయనకు తేలింది. విలువైన ఫలితమే. కానీ ఆ తర్వాత అదే దారిలో ప్రశ్నావళులు గుట్టలుగా పేరుకున్నాయి. నా దృష్టిలో అది మోతాదు మించింది.

ఎందుకంటే వ్యవస్థ దెబ్బ తగిలేవారికి చాలాసార్లు వాడాలా వద్దా అన్న ఎంపికే ఉండదు.

(దృశ్యం: తపాలా కార్యాలయం కౌంటరు.)

బ్రిటన్‌లో హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ 1999 నుంచి తపాలా కార్యాలయాల్లోకి వచ్చింది. దాని లోపాల వల్ల లేని లోటు ఉన్నట్టు కనిపించింది. శాఖలు నడిపేవారిని దొంగలన్నారు. 900 మందికి పైగా దోషులుగా నిర్ధారితులయ్యారు. సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే "ఈ ఇబ్బంది మీ ఒక్కరికే" అన్నారని చాలామంది చెప్పారు. వందల తీర్పులను రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసేసరికి 2024 వచ్చింది.

(దృశ్యం: తెర మీద "దరఖాస్తు తిరస్కరించబడింది".)

ఇప్పుడు రుణాలు, ఉద్యోగాల దరఖాస్తులను కృత్రిమ మేధ వడపోస్తోంది. అందుకే పరిశోధన ఫిర్యాదులు వచ్చే చోటికి వెళ్లాలి. కారణం అడిగే హక్కు ఎవరికుంది? యంత్రం చెప్పినదాన్ని కాదనే అధికారం గుమాస్తాకు ఉందా? కాదంటే అతని ఉద్యోగం నిలుస్తుందా? ఈ రంగంలో ఒక వ్యవస్థను తామే నిర్మించి పరీక్షించే పద్ధతి కూడా ఉంది. ఆ పద్ధతిలో అప్పీలు విధానాలను తయారుచేసి, నిజమైన కార్యాలయాల్లో నెలల తరబడి నడిపి చూడాలి. ఎన్ని తప్పులు దిద్దగలిగారో, ఎన్ని రోజుల్లో దిద్దారో లెక్క తీసి, దెబ్బతిన్నవారికే ముందుగా చూపించాలి.