మతం మీద మాట, మనిషి మీద మాట

మిత్రులందరికీ నమస్కారం.

భావ ప్రకటన స్వేచ్ఛ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. రాజ్యాంగంలోకి వెళ్లే ముందు ఒక ఫ్లెక్సీ గురించి చెప్పాలి. నేను ప్రాక్టీసులో ఉన్న రోజుల్లో ఒక పెద్దాయన తన కొడుకు కేసు పట్టుకుని వచ్చాడు. వినాయక చవితికి ఒక స్థానిక నాయకుడు ఫ్లెక్సీ వేయించుకుంటూ, దేవుడి ముఖం ఉండాల్సిన చోట తన ముఖం పెట్టమన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పని చేసింది ఈ కుర్రవాడు. పందొమ్మిదేళ్లవాడు, జీతగాడు. ఫ్లెక్సీ కట్టిన గంటకే గొడవ మొదలైంది. తీరా ఎఫ్ఐఆర్ చూస్తే నాయకుడి పేరు లేదు, కుర్రవాడి పేరు ఉంది. మత విశ్వాసాలను అవమానించడాన్ని శిక్షించే భారత శిక్షాస్మృతి సెక్షన్ 295-ఎ, నాన్ బెయిలబుల్. పదకొండు రోజులు జైల్లో ఉన్నాడు.

ఈ సెక్షన్ పుట్టింది 1927లో. మూడేళ్ల ముందు లాహోర్‌లో రాజ్‌పాల్ అనే ప్రచురణకర్త ముహమ్మద్ ప్రవక్త కుటుంబ జీవితాన్ని ఎగతాళి చేసే పుస్తకం ఒకటి వేశాడు. వర్గాల మధ్య శత్రుత్వాన్ని శిక్షించే 153-ఎ కింద కేసు పెట్టారు. గతించిన మతగురువు మీద విమర్శకు ఆ సెక్షన్ వర్తించదని లాహోర్ హైకోర్టు న్యాయమూర్తి దలీప్ సింగ్ అతణ్ని విడుదల చేశారు. పంజాబ్ అట్టుడికింది. ఆ వేడిలోనే కేంద్ర శాసనసభ 295-ఎ తెచ్చింది. మతాన్ని నిజాయితీగా విమర్శించేవారికీ, చరిత్ర రాసేవారికీ రక్షణ ఉండాలని ఆ చర్చలో గట్టిగా అడిగినవారిలో జిన్నా ఒకరు. కొత్త చట్టం రాజ్‌పాల్‌ను కాపాడలేకపోయింది. 1929 ఏప్రిల్‌లో అతణ్ని తన దుకాణంలోనే పొడిచి చంపారు.

జిన్నా వంటివారు పడిన భయానికి జవాబుగా సెక్షన్‌లో రెండు మాటలు నిలిచాయి: ‘ఉద్దేశపూర్వకంగా’, ‘దురుద్దేశంతో’. నా దృష్టిలో సెక్షన్ ప్రాణమంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. 1957లో రామ్‌జీ లాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సెక్షన్‌ను నిలబెట్టింది కూడా వాటి బలం మీదే. తెలియక, అజాగ్రత్తగా అన్న మాట నేరం కాదని ఆ రోజే తేల్చింది. పాకిస్తాన్‌కూ ఇదే సెక్షన్ వారసత్వంగా వెళ్లింది. అక్కడ 1986లో ప్రవక్తను అవమానించడాన్ని శిక్షించే 295-సి చేర్చారు. అందులో ఉద్దేశం ఊసే లేదు, మరణశిక్ష ఉంది. రెండు మాటల విలువ ఎంతో దీన్నిబట్టి గ్రహించండి.

మన దగ్గర ఆ మాటలు పుస్తకంలో ఉన్నాయి. పోలీస్ స్టేషన్ గడప దగ్గర మాత్రం జారిపోతున్నాయి. ధోనీని విష్ణుమూర్తిలా చూపిన పత్రిక ముఖచిత్రం మీద అనంతపురం కోర్టులో ఫిర్యాదు పడింది. వారంటు దాకా వెళ్లింది. 2017లో సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టేస్తూ 1957 నాటి మాటనే మళ్లీ చెప్పింది. ధోనీకి ఢిల్లీ దాకా వెళ్లే శక్తి ఉంది. మా కుర్రవాడికి బస్సు చార్జీ పెట్టుకుని వాయిదాలకు తిరగడమే మిగిలింది.

అలాగని ఏమన్నా చెల్లుతుందని నేను అనడం లేదు. ‘ఈ మతం వాళ్లకు ఇల్లు అద్దెకు ఇవ్వకండి, వాళ్ల దుకాణంలో కొనకండి, వాళ్లను తరిమికొట్టండి’ అని మైకులో అరిచేవాడు మతాన్ని విమర్శించడం లేదు. పక్క వీధిలో బతికే మనిషికి నీడా, కూడూ లేకుండా చేస్తున్నాడు. విద్వేషమంటే అదీ. దేవుణ్ని ఎవరైనా ఒక మాట అంటే భక్తుడి మనసు నొచ్చుకుంటుంది. ఆ బాధ నిజమైనదే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ భక్తుడు రేపు ఉదయం గుడికో మసీదుకో చర్చికో నిర్భయంగా వెళ్లగలడు. మైకు మాట విన్న కుటుంబం ఆ రాత్రి తలుపులు బిగించుకుని కూర్చుంటుంది. చట్టం ముందు పరుగెత్తాల్సింది ఆ తలుపు దగ్గరికి. విద్వేష ప్రసంగాలపై ఫిర్యాదు లేకపోయినా కేసు పెట్టాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఫ్లెక్సీ కుర్రవాడి మీద చూపిన వేగం అక్కడెందుకు కనబడదు?

ఇంకో సంగతి. ఈ స్వేచ్ఛ నాస్తికుడికే కావాలనుకోవడం పొరపాటు. అందరికన్నా ఎక్కువ అవసరం విశ్వాసికే. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయ గీతం వచ్చినప్పుడు లేచి నిలబడ్డారు, తమ మతవిశ్వాసం వల్ల పాడలేదు. బడి నుంచి పంపేశారు. 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమంది. చాలామంది మనసు నొప్పించిన ఆ మౌనానికి కూడా రాజ్యాంగంలో చోటు దొరికింది. ‘మా మనోభావాలు’ అనే ఒక్క మాటతో నోళ్లు మూయించడం మొదలైతే, సంఖ్యలో చిన్నదైన ప్రతి మతమూ ఏదో ఒక రోజు దోషిగా నిలబడాల్సి వస్తుంది.

2024 జూలై 1 నుంచి 295-ఎ భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్ అయింది. అంకె మారింది, మాటలు దాదాపు అవే. ఈ కేసును కోర్టు విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అరెస్టుకు మాత్రం అక్కర్లేదు. చిక్కంతా ఇక్కడే ఉంది. శిక్ష గరిష్ఠంగా మూడేళ్లే కాబట్టి, అనవసర అరెస్టులను ఆపేందుకు సుప్రీంకోర్టు ఇచ్చిన అర్నేష్ కుమార్ తీర్పు ప్రకారం వెంటనే అరెస్టు చేయకుండా నోటీసు ఇవ్వవచ్చు. నేను అడిగేది ఇంకొక్క అడుగు: దురుద్దేశం ఎక్కడ కనబడిందో దర్యాప్తు అధికారి రాతపూర్వకంగా చెప్పి, ఆ అనుమతి తెచ్చుకునే దాకా 299 కింద ఎవరినీ అరెస్టు చేయకూడదు.

మా కుర్రవాడి కేసులో ఆ అనుమతి చివరిదాకా రాలేదు. నాలుగో ఏడు కేసు మూసేశారు. అప్పటికి అతను ఆ ఊళ్లో లేడు. కాగితం తీసుకోవడానికి తండ్రి ఒక్కడే వచ్చాడు.