బ్లేజర్ భగ్గుమన్నప్పుడు

అందరికీ నమస్కారం. ఈ ట్రాఫిక్‌లో పడి ఇంతమంది వచ్చారు కాబట్టి ఉపోద్ఘాతాలతో విసిగించను.

పెద్ద గెలాక్సీల నడిబొడ్డున కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలాలుంటాయి. కొన్నిటిలో, ఆ కృష్ణబిలం చుట్టూ సుడి తిరిగే పదార్థంలో కొంత లోపల పడకుండా, దాదాపు కాంతివేగంతో రెండు వైపులా ధారలుగా చిమ్ముకొస్తుంది. అందులో ఒక ధార సూటిగా మనవైపే ఉంటే అది బ్లేజర్. రాత్రిపూట ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నిలబడితే ఎదురొచ్చే బండి హైబీమ్ కళ్లలో కొడుతుంది చూడండి, అదీ సంగతి. బీఎల్ లాసెర్టే అనే బ్లేజర్‌ని 1929లో హోఫ్‌మైస్టర్ అనే ఖగోళ శాస్త్రవేత్త వెలుగు మారే నక్షత్రంగా లెక్కకట్టాడు. అది రేడియో తరంగాలు కూడా వెదజల్లుతోందని తెలిసేసరికి 1968 వచ్చింది.

బ్లేజర్ చెలరేగితే పత్రికలు ఎంత వెలిగిందో రాస్తాయి. నన్నడిగితే, ఏ కాంతి ముందు లేచింది, ఏది వెనక వచ్చింది, ఏది అసలు రాలేదు అన్నదే అడగాలి. ధారలోని ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరుగుతూ రేడియో నుంచి ఎక్స్-కిరణాల దాకా వెలువరిస్తాయి. అవే ఎలక్ట్రాన్లు కాంతి కణాలను ఢీకొట్టి గామా స్థాయికి, అంటే ఎక్స్-కిరణాలను మించిన శక్తికి, ఎగదోస్తాయి. మూలం ఒకటే అయితే రెండూ కలిసే లేవాలి. చాలాసార్లు లేస్తాయి కూడా.

2002 జూన్ 4న మాత్రం 1ఈఎస్ 1959+650 అనే బ్లేజర్ గామా కిరణాల్లో భగ్గుమంది, ఎక్స్-కిరణాల్లో ఉలుకూ పలుకూ లేదు! గామా టెలిస్కోప్ ఒక్కటే చూసి ఉంటే అది మరో మామూలు మంటగా లెక్కలో కలిసిపోయేది. ధారలో ప్రోటాన్ల పాత్ర కూడా ఉందేమో అన్న ఆలోచనకు అది బలమిచ్చింది. 2017 సెప్టెంబర్ 22న దక్షిణ ధ్రువంలో మంచులో అమర్చిన ఐస్‌క్యూబ్ అనే పరికరానికి ఒక న్యూట్రినో, అంటే దేన్నైనా ఇట్టే దాటుకుపోయే చిన్న కణం, చిక్కింది. అది వచ్చిన దిక్కున టీఎక్స్ఎస్ 0506+056 అనే బ్లేజర్ ఉంది, ఆ రోజుల్లోనే గామాలో చెలరేగుతోంది. ఎలక్ట్రాన్లతో మాత్రమే న్యూట్రినోలు పుట్టవు, ప్రోటాన్లు కావాలి. కాకతాళీయం కాదనడానికి లెక్క 3 సిగ్మా దగ్గర ఆగింది (సిగ్మా ఎంత పెరిగితే కాకతాళీయమయ్యే అవకాశం అంత తక్కువ). కణభౌతికులు అడిగేది 5. అందుకే తేలిపోయిందని నేననను.

2006 జూలై 28న పీకేఎస్ 2155-304 అనే బ్లేజర్ గామా వెలుగు 200 సెకన్ల వ్యవధిలో మారింది. అలాంటి రాత్రి రెండు గంటలు ఆలస్యంగా తీసిన ఎక్స్-కిరణ కొలతను దేని పక్కన పెడతాం? ఏకకాలంలో చూడాలన్న పట్టుదల అందుకే.

చిక్కల్లా సూర్యుడితోనే. గామా టెలిస్కోపులు చీకట్లోనే చూడగలవు, ఆరిజోనాలో ఉన్నదానికి తెల్లారాక కానరీ దీవుల్లో ఉన్నదానికి చీకటి పడేదాకా పెద్ద ఖాళీ ఉండేది. లడఖ్‌లోని హాన్లే సరిగ్గా ఆ ఖాళీలో ఉంది. దాని రేఖాంశం ఇంచుమించు మన హైదరాబాద్‌దే, మనకు చీకటి పడే వేళకే దానికీ పడుతుంది. 2024 అక్టోబర్‌లో అక్కడ ప్రారంభించిన 21 మీటర్ల మేస్ అనే గామా టెలిస్కోప్‌ను బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) కోసం కట్టింది మన హైదరాబాద్‌లోని ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వాళ్లే. అటువైపు బస్సెక్కే వాళ్లలో ఎంతమందికి తెలుసో! గామా కిరణం వాతావరణాన్ని తాకితే కణాల జల్లు పుట్టి, కొన్ని నానోసెకన్ల పాటు నీలి మెరుపు మెరుస్తుంది. దాన్ని పట్టుకోవడానికి కెమెరాలో 1088 కాంతి గ్రాహకాలున్నాయి.

ఇక మీలో సొంత టెలిస్కోప్ ఉన్నవాళ్లకు ఒక మాట. మార్కారియన్ 421 అనే బ్లేజర్ దాదాపు 13వ తరగతి ప్రకాశంతో ఉంటుంది (తరగతి అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది). ఊరి వెలుగు దాటి వెళ్తే 8 అంగుళాల అద్దం, కెమెరా చాలు. మార్చి మొదట్లో అర్ధరాత్రికి మన నడినెత్తికి సుమారు 21 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. పక్కనే 51 ఉర్సే మేజోరిస్ అనే 6వ తరగతి నక్షత్రం ఉంది, దాని వెలుగు కొలతలోకి చొరబడకుండా ఎక్స్‌పోజర్ తక్కువ పెట్టుకోండి. వాడిన ఫిల్టర్ పేరు రాయండి. ముందుగా కంప్యూటర్ గడియారాన్ని ఇంటర్నెట్ సమయంతో సరిచేసుకోండి, వేళ తప్పుగా ఉన్న కొలతను గామా కొలత పక్కన ఎవరూ పెట్టలేరు.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.