పెట్టె మారిస్తే తేనె పెరుగుతుందా?

అందరికీ నమస్కారం. తేనెటీగలు పెంచేవాళ్లం నలుగురం ఒకచోట చేరితే మాట ఎటు తిరిగినా చివరికి "మీకు పెట్టెకి ఎన్ని కిలోలొచ్చింది?" అన్న దగ్గరికే వస్తుంది. కెనడాలో పెట్టెకి 50 కిలోలు దాటుతుందట, మన పుట్టతేనె ఈగలకి ఐదో పదో వస్తోంది, పెట్టె మార్చేద్దామా అని వీడియోలు చూసి అడిగే తమ్ముళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

ఆ 50 కిలోలు నిజమే. కెనడా మైదానాల్లో జూన్, జూలై నెలల్లో పొద్దు పదహారు గంటలుంటుంది, కనుచూపు మేరా కనోలా, క్లోవర్ పూలే, ఈగలు అంతసేపూ మకరందం మోస్తూనే ఉంటాయి. కానీ ఆ తర్వాత నెలల తరబడి మంచు. పెట్టెలకి దళసరి కవర్లు చుట్టాలి, ఒక్కోదాంట్లో పాతిక కిలోల పైనే తిండి నిలవుండాలి, తేనె మనం తీసేసుకుంటే ఆ మేరకు పంచదార పాకం పోయాలి. వీడియోలో తేనె కారడం చూపిస్తారు గానీ ఈ ఖర్చు చూపించరు.

ఇక పెట్టె. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టరు ఒక సంగతి పట్టుకున్నాడు. 6 నుంచి 9 మిల్లీమీటర్ల సందు వదిలితే ఈగలు దాన్ని నడిచే దారిగా ఉంచుకుంటాయి, అంతకన్నా ఇరుకైతే జిగురుతో మూసేస్తాయి, వెడల్పైతే అక్కడా మైనంతో పట్టు కట్టేస్తాయి. ఇవాళ మనం ఈగలు పట్టు కట్టే చెక్క చట్రాన్ని, పట్టు తెగకుండా పైకి తీయగలుగుతున్నామంటే ఆ సందు పుణ్యమే. అయితే ఆ కొలత యూరప్ ఈగది, అంటే మెల్లిఫెరాది. మన పుట్టతేనె ఈగ, అంటే సెరానా, ఒళ్లు చిన్నది, పట్టులో అది కట్టే గది ఐదు మిల్లీమీటర్ల లోపే. పట్టుకి పునాదిగా చట్రంలో పెట్టే మైనపు షీటు, మెల్లిఫెరా కోసం అచ్చువేసింది, దానికిస్తే సరిగ్గా కట్టదు. అందుకే వందేళ్ల కిందట తిరుచ్చి వైపు ఫాదర్ న్యూటన్ మన ఈగకి సరిపడా చిన్న పెట్టె చేశారు, దక్షిణాదిలో చాలామంది వాడేది ఇప్పటికీ అదే.

నన్నడిగితే మనం పోల్చుకోవాల్సింది కెనడాతో కాదు, జపాన్‌తో. అక్కడి నాటు ఈగ కూడా సెరానాయే. అడుగూ మూతా లేని చిన్న చెక్క పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేరుస్తారు, ఈగలు పైనుంచి కిందికి పట్టు కట్టుకుంటూ వస్తాయి కాబట్టి తేనె పై పెట్టెలో, పిల్లలు కింద ఉంటాయి. మామూలుగా ఏడాదికి ఒక్కసారే, పై పెట్టె కింద సన్నటి తీగ పెట్టి లాగి కోసి, ఆ ఒక్కటే తీసుకుంటారు. పిల్లల జోలికి పోరు. తేనె తక్కువే, ధర మాత్రం బాగా పలుకుతుంది. వాళ్ల పెట్టె తెచ్చుకోమని నేననను, చట్రం ఉంటే యంత్రంలో తిప్పి తేనె తీశాక పట్టు మళ్లీ ఈగలకే ఇవ్వొచ్చు, అది పెద్ద లాభం. వాళ్ల ఓపిక మాత్రం తెచ్చుకుందాం.

కెన్యా టాప్‌బార్ పెట్టెలో చట్రాలే ఉండవు, పట్టు వేలాడే చెక్క బద్దలు పక్కపక్కన ఆనించి పేరుస్తారు. అక్కడి ఈగకి కోపమెక్కువ, ఒక్కో బద్దే లేపితే పెట్టెంతా తెరుచుకోదు, అన్నీ ఒక్కసారి మీదపడవు. స్లొవేనియాలో పెట్టెలు గోడలా పేర్చి ఉంటాయి కాబట్టి బీరువాలా వెనక తలుపు తీసి ఒక్కో చట్రం లాగుతారు, నిండితే 35 కిలోలు దాటే అమెరికా పెట్టెని ఎత్తే బాధ లేదు, నడుము నొప్పి ఉన్నవాళ్లకి అది నిజంగా వరం. ఎవరి పెట్టె వాళ్ల ఈగని, వాతావరణాన్ని, చేసే చేతుల్ని చూసుకుని పుట్టింది.

మనకి మంచు లేదు, వానాకాలం ఉంది. పూలు తగ్గిపోయిన ఆ రోజుల్లో పెట్టెలో తేనె లేకపోతే సెరానా మనకోసం ఆగదు, లేచిపోతుంది. వేసవిలో ఆఖరి చట్రం దాకా పిండేసి, ఆగస్టులో ఖాళీ పెట్టె చూసి ఏడిస్తే ఏం లాభం చెప్పండి? ఈగలు మైనంతో మూత వెయ్యని గదుల్లోది తియ్యకండి, అది నీళ్లు ఎక్కువై పులుస్తుంది. ఈగలు పిల్లల్ని పెంచే అరలో ఉన్న తేనెని అసలు ముట్టుకోకండి.

ఇంకోసారి కలిసినప్పుడు ఎన్ని కిలోలొచ్చిందో చెప్పండి, దాంతోపాటు ఎంత పంచదార పోశారో, వానలయ్యాక ఎన్ని పెట్టెల్లో ఈగలు మిగిలాయో కూడా రాసుకురండి. అప్పుడు కూర్చుని లెక్కేసుకుందాం.