నిన్న లేచిన బరువు ఇవాళ ఎందుకు లేవదు?

అందరికీ నమస్కారం.

బరువులెత్తే ప్రతి ఒక్కరికీ ఈ అనుభవం ఉండే ఉంటుంది. మూడు రోజుల క్రితం సునాయాసంగా లేచిన కడ్డీ ఇవాళ మోకాళ్ల దాకా వచ్చి ఆగిపోతుంది. కండ తరగలేదు, తిండి తగ్గలేదు. అయినా లేవదు. అప్పుడు చాలామంది పట్టుదలకు పోయి ఇంకో రెండు సెట్లు (ఆగకుండా వరుసగా ఎత్తే విడతలు) చేస్తారు. నేను వద్దనేది సరిగ్గా అదే.

కండ తనంతట తాను బిగుసుకోదు. మెదడు నుంచి వెన్నుపాము మీదుగా ఆజ్ఞ అందాలి. అది సరిగ్గా అందకపోతే కండ ఉన్నా బరువు లేవదు. తేలిక పనికి చిన్న నాడీకణాలు చాలు. బరువు పెరిగే కొద్దీ పెద్దవి రంగంలోకి దిగుతాయి. కొత్తగా సాధన మొదలుపెట్టినవారికి తొలి వారాల్లో కండ పెద్దగా పెరగకుండానే బలం పెరుగుతుంది కదా, అది చాలావరకు నాడులు పని నేర్చుకోవడం వల్లే.

ఒక్క రోజు గట్టిగా శ్రమిస్తే నాడులు చెడిపోతాయని భయపడకండి, అది నిజం కాదు. ప్రమాదమంతా వారాల తరబడి తీరని అలసటలో ఉంది. దానికి నిద్రలేమి, పరీక్షల బెంగ, ఇంటి కలతలు తోడవుతాయి. 1936లో ఒత్తిడిపై పరిశోధించిన శాస్త్రవేత్త హాన్స్ సెల్యే ఎలుకల్లో గమనించిందీ ఇలాంటిదే: హాని చేసే కారణాలు వేరైనా శరీరం ఒకే తీరున స్పందించింది. మీ సాధన పుస్తకంలో సెట్లు రాసుకుంటారు, నిద్రపోయిన గంటలు ఎందుకు రాయరు?

నా దగ్గర సాధన చేసే ఒక అమ్మాయి రోజూ ఒళ్లు వేడెక్కించుకున్నాక వేళ్లకు సుద్దపొడి రాసుకుని, గోడ పక్కన మూడుసార్లు ఎగిరి గుర్తు పెడుతుంది. ఒక వారం వరుసగా రెండు రోజులు ఆ గుర్తు మామూలు గీతకు రెండు వేళ్లు కిందే పడింది. లేవగానే చూసుకునే గుండె వేగం కూడా కాస్త ఎక్కువగా ఉంది. సెట్లు సగానికి తగ్గించాం, బరువును మాత్రం దాదాపు అలాగే ఉంచాం. ఈ తేడా ముఖ్యం. బరువు పూర్తిగా తేలికైపోతే నాడులకు పదును తగ్గుతుంది. పోటీలకు ముందు సుమారు రెండు వారాలు సాధన పరిమాణాన్ని (మొత్తం సెట్లను) 40 నుంచి 60 శాతం తగ్గించి, తీవ్రతను (ఎత్తే బరువును) నిలుపుకోవడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. సెట్ల మధ్య విరామం మూడు నుంచి ఐదు నిమిషాలు పెట్టాం. రాత్రి ఎనిమిది గంటల నిద్ర తప్పనిసరి చేశాం.

తనేదో వెనకబడిపోతున్నానని ఆ అమ్మాయి రోజూ ముఖం చిన్నబుచ్చుకునే వెళ్లేది. ఆరో రోజు ఉదయం సుద్ద గుర్తు పాత గీత దాటింది. తను నమ్మక, మళ్లీ ఎగిరి చూసుకుంది.